లక్ష కిలోమీటర్లు దాటిన స్పోర్ట్స్ కారుతో ట్రాక్ ఎక్కేముందు

ఓడోమీటర్ మీద లక్షన్నర కనబడగానే అందరికీ ముందు ఇంజన్ మీదే అనుమానం. వేళకు ఆయిల్ మార్చుకుంటూ వచ్చిన ఇంజన్ అంత తొందరగా చేతులెత్తేయదు. దానికన్నా ముందు పోయేవి బ్రేక్ ఫ్లూయిడ్, ప్యాడ్లు, రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకులు, వీల్ బేరింగులు. వీటిలో చాలావాటికి కిలోమీటర్లతో పెద్దగా పనిలేదు, వయసుకీ వేడికీ పాడవుతాయి. ఏళ్ల తరబడి షెడ్డులో కవరు కప్పుకుని పడున్న తక్కువ కిలోమీటర్ల కారు కన్నా, రోజూ హైవే మీద తిరిగి, సర్వీసు పుస్తకం నిండిన కారే చాలాసార్లు రేస్ ట్రాక్‌కి నయం.

కాబట్టి కొత్త ఎగ్జాస్టుకీ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూనింగుకీ డబ్బు తీసేముందు కాస్త ఆగండి. పాత కారు మీద తొలి ఖర్చంతా రెండింటికే పోవాలి. బ్రేకు వేసిన చోట ఆగాలి, ఎంత తొక్కినా వేడెక్కి కూలబడకూడదు. పవర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బ్రేకులు

రోడ్డు మీద బ్రేకులు బాగున్నాయంటే ట్రాక్ మీద కూడా బాగుంటాయని కాదు. గతిజశక్తి, అంటే కదిలే కారులో ఉండే శక్తి, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగినప్పుడు పుట్టే వేడికి, 200 నుంచి 100కి తగ్గినప్పుడు మూడు రెట్లు పుడుతుంది. 1,400 కిలోల కారుకి లెక్క కడితే అది సుమారు 16 లక్షల జౌల్స్, గదిలో ఉన్న అయిదు లీటర్ల నీళ్లను మరిగే దాకా తీసుకెళ్లేంత వేడి. అదంతా కొద్ది సెకన్లలో నాలుగు డిస్కుల్లోకి వెళ్తుంది, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండింటిలోకే. అవి చల్లారక ముందే తర్వాతి మలుపు వచ్చేస్తుంది.

అందుకే మొదటి పని, పెడల్ ఒత్తిడిని చక్రాలకి చేర్చే ద్రవమైన బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం. మామూలు గ్లైకాల్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ అనేది బ్రేక్ ఫ్లూయిడ్ల ప్రమాణం పేరు. డాట్ 4 ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక అదే పరిమితి 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఈ అంకెలు 260, 180. ట్రాక్ కోసమే అమ్మే ఫ్లూయిడ్లలో కొత్తగా ఉన్నప్పుడు 300 దాటేవి కూడా ఉన్నాయి. డబ్బా మీద రెండు అంకెలూ చూసి కొనండి. ఫ్లూయిడ్‌ని మూత తీసిన పాత డబ్బాలోంచి పోస్తే ఆ అంకెలకు అర్థం లేదు, సీలు విప్పని డబ్బానే వాడాలి. డాట్ 5 అని విడిగా దొరికేది సిలికాన్ ఫ్లూయిడ్. పేరు దగ్గరగా ఉందని దాన్ని వీటితో కలపకండి.

ఫ్లూయిడ్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవం నొక్కినా అణగదు, ఆవిరి అణిగిపోతుంది. పెడల్ మెత్తబడి నేలకు తగులుతుంది. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పినప్పుడు మాత్రం పెడల్ గట్టిగానే ఉంటుంది, కారే ఆగదు. ఈ రెండు లక్షణాల తేడా ముందే తెలిసుంటే పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చాక ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఎక్కువ తిరిగిన కారుకి బ్లీడింగ్ (పైపుల్లోని పాత ఫ్లూయిడ్‌నీ గాలినీ బయటికి పంపడం) చేసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది, చాలామంది మెకానిక్కులు కూడా పట్టించుకోరు. సహాయకుడు పెడల్‌ని నేల దాకా తొక్కితే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని నెట్టే భాగం) లోపలి రబ్బరు సీలు అన్నేళ్లలో ఎప్పుడూ వెళ్లని చోటికి వెళ్తుంది. అక్కడ తుప్పో మడ్డో పేరుకుని ఉంటే సీలు అంచు గీసుకుపోతుంది. అప్పటికి బాగానే అనిపించి, తర్వాత పెడల్ మెల్లగా దిగిపోవడం మొదలవుతుంది. పెడల్ కింద ఓ చెక్కముక్క పెట్టి సగం దాకానే తొక్కించండి, లేదా పెడల్ తొక్కకుండా ఒత్తిడితో ఫ్లూయిడ్ పంపే ప్రెషర్ బ్లీడర్ వాడండి. ఏ చక్రం నుంచి మొదలుపెట్టాలన్నది మీ కారు సర్వీసు మాన్యువల్ చెప్పినట్టే. కొన్ని ఏబీఎస్ యూనిట్లలో చిక్కుకున్న గాలి స్కాన్ టూల్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) లేకుండా బయటికి రాదు.

ప్యాడ్లలో సగానికి తక్కువ మందం ఉంటే ఆ జతతో వెళ్లొద్దు. పల్చబడ్డ ప్యాడ్ వేడిని నేరుగా కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిస్టన్‌కీ, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కీ అందిస్తుంది. డిస్కుకు ఉండాల్సిన కనీస మందం దాని మీదే ముద్రించి ఉంటుంది, మైక్రోమీటర్‌తో కొలవండి. డిస్కు మీద గోరుతో అడ్డంగా గీసి చూడండి. కంటికి కనిపించే సన్నని వేడి గీతలు గోరుకి తగలకపోతే పర్వాలేదు. గోరు ఆగిందంటే, లేదా చీలిక అంచు దాకా పాకిందంటే, ఆ డిస్కు పని అయిపోయింది. రంధ్రాలున్న డిస్కుల్లో చీలికలు రంధ్రం నుంచే మొదలవుతాయి కాబట్టి ప్రతి రంధ్రం చుట్టూ చూడాలి. కాలిపర్ల రబ్బరు తొడుగులు కాలి పొడిబారాయా, స్లైడ్ పిన్నులు స్వేచ్ఛగా కదులుతున్నాయా అన్నది కూడా ఆ చేత్తోనే చూసేయండి. పాత రబ్బరు బ్రేక్ గొట్టాన్ని వంచి చూస్తే పగుళ్లు నోరు తెరుస్తాయి. అవి కనిపిస్తే స్టీలు అల్లిక గొట్టాలు వేయించడం మంచిది.

చల్లదనం, ఆయిల్

చాలా కార్లలో డాష్‌బోర్డు టెంపరేచర్ ముల్లు నిజం చెప్పదు. డ్రైవర్ కంగారు పడకుండా, విస్తృతమైన పరిధిలో అది మధ్యలోనే నిలబడేలా కంపెనీలే అమరుస్తాయి. ముల్లు కదిలేసరికే ఆలస్యమైపోతుంది. కారు కంప్యూటర్ అంకెలు చూపించే చవకైన ఓబీడీ రీడర్ పెట్టుకుని కూలెంట్ వేడిని అంకెల్లో చూడండి. కారు సెన్సర్ ఇస్తుంటే ఆయిల్ వేడి కూడా చూడండి. ఆయిల్ 130 డిగ్రీలు దాటి ఎక్కుతూనే ఉంటే ఆ ల్యాపు నుంచే నెమ్మదించాలి.

రేడియేటర్ మూత చిన్న వస్తువని వదిలేస్తారు. వ్యవస్థలో ఒక బార్ అదనపు ఒత్తిడి ఉంటే మామూలు నీళ్లు కూడా సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. మూత స్ప్రింగ్ నీరసపడితే ఆ రక్షణ పోయి, ఇంజన్ తలకాయలో అక్కడక్కడ ఆవిరి పుడుతుంది. అందుకే కొత్త మూత వేసి, వ్యవస్థ మొత్తానికీ ప్రెషర్ టెస్ట్ చేయించండి. ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అతుకు దగ్గర రంగు మారినా, రేడియేటర్ పక్క ట్యాంకులు ఊటగా చెమ్మగిల్లినా చీలేదాకా ఎదురుచూడకండి. వాటర్ పంపు, థర్మోస్టాట్, గొట్టాలు ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చలేదనే లెక్క. టైమింగ్ బెల్టుకీ అదే సూత్రం.

ఆయిల్ విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. పొడవాటి మలుపులో ఒక జీ (కారు బరువుతో సమానమైన) పక్కబలం పడితే సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ ఉపరితలం 45 డిగ్రీలు వాలుతుంది. స్టికీ టైర్లుంటే అంతకన్నా ఎక్కువే. మట్టం కాస్త తక్కువున్నా ఆయిల్ పీల్చే పికప్ గొట్టం నోరు గాలి పీల్చేస్తుంది, బేరింగులకి ఆ కొద్ది క్షణాలు ఆయిల్ అందదు. పాత ఇంజన్ ఆయిల్ తాగుతుందన్నది తెలిసిందే, పూర్తి ఆర్‌పీఎమ్ దగ్గర ఇంకా ఎక్కువ తాగుతుంది. మట్టం గరిష్ఠ గీత దగ్గర ఉండాలి, దాటి పోస్తే క్రాంకు తగిలి నురగ కడుతుంది. ప్రతి సెషన్ తర్వాత డిప్ స్టిక్ చూడటం అలవాటు చేసుకోండి.

వాల్వ్ కవర్ గాస్కెట్ నుంచి ఊరే ఆయిల్ రోడ్డు మీద చీకాకు, ట్రాక్ మీద ప్రమాదం. ఎర్రగా కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద అది పడితే మంట అంటుకుంటుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ పొంగి పడినా అంతే. పైగా మీ కారు కార్చిన చుక్కల మీద జారేది వెనకొచ్చేవాడు. ముందే ఇంజన్ కింది భాగాన్ని కడిగించి, ఓ వందకిలోమీటర్లు గట్టిగా నడిపి, మళ్లీ కింద చూస్తే ఊట ఎక్కడిదో తేలుతుంది.

ప్రతి మోడల్‌కీ దాని సొంత రోగం ఉంటుంది. బీఎమ్‌డబ్ల్యూ ఈ46లో వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట నేల రేకు చిట్లుతుంది. అదే కంపెనీ వీ8 ఎం3లోని ఎస్65 ఇంజన్‌కి కనెక్టింగ్ రాడ్ బేరింగులు, పోర్షే ఎం96 ఇంజన్‌కి ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్, మాజ్డా ఆర్‌ఎక్స్-8కి రోటర్ సీళ్లు. మీ మోడల్ రోగమేదో ముందే కనుక్కుని, దాన్ని విడిగా తనిఖీ చేయించాకే ట్రాక్ రుసుము కట్టండి. పాత ఆయిల్ నమూనాని ల్యాబుకి పంపి సీసం, రాగి మోతాదు చూపించుకుంటే బేరింగుల పరిస్థితి ఇంజన్ విప్పకుండానే కొంత తెలుస్తుంది.

చక్రాల దగ్గర

కారుని జాకీ మీద కాదు, స్టాండ్ల మీద నిలబెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. "టక్" మని చిన్న కదలిక చేతికి తగిలితే వీల్ బేరింగో బాల్ జాయింటో. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే తగిలేది ఎక్కువగా టై రాడ్. ఊపేటప్పుడు ఇంకొకరు లోపలి నుంచి టార్చి వేసి చూస్తే ఏది కదులుతోందో కనిపిస్తుంది. ఎలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) దీని తర్వాతే. వదులుగా ఉన్న బుష్షుల మీద ఎలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ.

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ నిండుగా ఉన్నా పాతబడిన రబ్బరుకి పట్టు తక్కువ. టైరులో గాలి ఒత్తిడి వేడికి బాగా పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పటి అంకె కన్నా పిట్‌లోకి రాగానే కొలిచిన అంకె ముఖ్యం. ట్రాక్ మీద గాలి తగ్గించుకుంటే ఇంటికి బయల్దేరేముందు మళ్లీ నింపుకోవాలి. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తోనే, మాన్యువల్‌లో ఉన్న అంకెకే. పాత కార్లలో స్టడ్లు అప్పటికే ఎన్నోసార్లు గన్‌తో బిగించి సాగి ఉంటాయి. మర చిరిగినట్టు కనిపిస్తే కొత్తవి వేయండి.

ఆ రోజు

ఫ్లోర్ మ్యాట్లు, నీళ్ల సీసా, డిక్కీలో జాకీ అన్నీ దించేయండి. బ్యాటరీ క్లాంపు కదలకూడదు. హెల్మెట్ కారు రేసింగ్ ప్రమాణానిదైతే మంచిది. స్నెల్ అనే హెల్మెట్ ప్రమాణంలో ఎస్‌ఏ రకానికి నిప్పు పరీక్ష ఉంటుంది, బైకుల కోసం చేసే ఎం రకానికి ఉండదు. ట్యాంకులో పెట్రోలు మరీ అడుగున ఉంటే మలుపుల్లో ఇంజన్ దగ్గుతుంది. మామూలు వాహన బీమా చాలావరకు ట్రాక్ మీద జరిగిన నష్టానికి వర్తించదు, పాలసీ కాగితం చదువుకుని వెళ్లండి.

డ్రైవర్ల సమావేశంలో జెండాల గురించి చెప్పేటప్పుడు ఫోను చూడకండి. నల్ల జెండా మధ్యలో నారింజ రంగు గుండ్రం చూపిస్తే మీ కారులో ఏదో లోపం కనబడిందని అర్థం, వెంటనే పిట్‌లోకి రావాలి. పాత కారువాళ్లకి ఎదురయ్యే అవకాశం ఎక్కువున్న జెండా అదే. సెషన్లు చిన్నవిగా పెట్టుకోండి. పెడల్ ప్రయాణం పెరిగినా, కొత్త వాసన వచ్చినా, స్టీరింగ్‌లో కొత్త వణుకు మొదలైనా "ఇంకొక్క ల్యాపు" అనుకోవద్దు.

చివరి ల్యాపు బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ నెమ్మదిగా తిరగండి. పిట్‌లో హ్యాండ్ బ్రేకు వేయకండి, పెడల్ మీద కాలు కూడా ఉంచకండి. కాగుతున్న డిస్కుకి ప్యాడ్ అతుక్కున్న చోట మచ్చ పడి తర్వాత వణుకు పుడుతుంది. గేర్లో పెట్టి చక్రానికి అడ్డు పెడితే చాలు. ఎండుగడ్డి మీద కారు ఆపకండి, కింద క్యాటలిటిక్ కన్వర్టర్ మండిపోతుంటుంది. చక్రాలు చల్లారాక నట్లు మరోసారి టార్క్ చూసి, ఇంటిదారి పట్టేముందు ప్యాడ్ల మందం కొలవండి. మూడు నాలుగు మిల్లీమీటర్లే మిగిలితే ఆ కారు ఇంటికి ట్రైలర్ మీద రావాలి.