సొంత పాట, సొంత గిటారు – 6వ పాఠం: మెడ మేడైపోతే

ఈసారి వేళ్లతో మీటడం మొదలుపెడదామన్నాను. పెట్టడం లేదు. మీ వీధి మీద నాలుగు పంక్తులు రాసి జీ, సీ, డీ కార్డులతో (కార్డంటే కలిపి మోగించే స్వరాల గుంపు) పాడి పంపమంటే పంపారు కదా, అవి విన్నాక మనసు మార్చుకున్నాను. ముందు మాట చెడకుండా పాడటం నేర్చుకుందాం.

ముందు తీగల గొడవ. కేపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపట్టి శ్రుతి పెంచే క్లిప్పు) లేనివాళ్లు తీగలు రెండు ఫ్రెట్ల (గిటారు మీది అడ్డగీతల) మేర బిగించుకోండని పోయినసారి రాశాను. తప్పు నాదే. ముగ్గురికి సన్నతీగ తెగింది. మన విశాఖ ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పుపడతాయి, వాటిని ఇంకా బిగిస్తే తెగక ఏం చేస్తాయి! శ్రుతి కుదరకపోతే వదులు చేసుకోండి, బిగించొద్దు. నా గిటారు ఎప్పుడూ అర మెట్టు, అంటే ఒక ఫ్రెట్ మేర, కిందే ఉంటుంది, వేళ్లకీ సుఖం. కేపో ఉంటే ఈ తిప్పలే లేవు: రెండో ఫ్రెట్ మీద పెట్టి జీ పడితే ఏ కార్డు మోగుతుంది, ఐదో ఫ్రెట్ మీదైతే సీ. కార్డులు ఎలా పట్టాలో మళ్లీ చెప్పను. ఎఫ్ కార్డు గురించి అడిగినవాళ్లకు కూడా అదే జవాబు, ఎఫ్ లేకుండా బతకొచ్చు, నేను బతుకుతున్నాను.

ఇక అసలు సంగతి. ఒకమ్మాయి జాలరిపేటలో చేపలమ్మే వాళ్ల అమ్మమ్మ మీద రాసింది:

మెడలో పూసల దండ
చేతిన చేపల బుట్ట

చదివి ముచ్చటపడ్డాను. రికార్డింగ్ పెడితే "మేడలో పూసల దండ" అని వినిపించింది. మళ్లీ విన్నాను. మేడే. పాపం అమ్మమ్మ బుట్టతో సహా మేడెక్కి కూర్చుంది.

ఇది ఆ పిల్ల ఒక్కదాని తప్పు కాదు. "పడి లేచే కెరటం" ఇంకొకరి నోట్లో "పాడి లేచే కెరటం" అయింది. "నడి సంద్రం" కాస్తా "నాడి సంద్రం". "వలలో" అన్నది "వాలలో" అయింది, దానికైతే అర్థమే లేదు. బీచ్ రోడ్డు మీద వేడి వేడి వడ తిన్నానని రాసినాయన వాడ తిన్నానని పాడాడు. వాడంతా తినేశాడు!

ఎందుకిలా అవుతోందంటే, మీరందరూ వీడియోల్లో చూసి ఒకటే స్ట్రమ్మింగ్ (తీగలన్నిటి మీదా చెయ్యి కిందికీ పైకీ ఆడించే తీరు) నేర్చుకున్నారు: కింద, కింద పైన, పైన కింద పైన. అందులో మొదటి దెబ్బ పొడుగు. చెయ్యి ఆగినంతసేపూ నోరూ ఆగాలనుకుని మొదటి అక్షరాన్ని లాగుతున్నారు. మన మాటల్లో మొదటి అక్షరాన్ని లాగితే మాటే మారిపోతుంది. మెడ వేరు, మేడ వేరు. చెర వేరు, చేర వేరు. వినేవాడి చేతిలో మీ కాగితం ఉండదు, వాడికి వినపడిందే పాట.

మాట చివర లాగితే ఫరవాలేదా? పంక్తి చివరైతే ఎవరూ ఏమీ అనుకోరు, మన పల్లెపాటలన్నీ అక్కడే సాగుతాయి. పంక్తి నడుమ లాగితే మాత్రం ఇంకో చిక్కు. ఒకాయన "వాన చుక్క నేల తాకి" అని రాసి "వానా, చుక్కా, నేలా" అని పాడాడు. వానా? చుక్కా? ఏది పడిందో మనల్నే అడుగుతున్నట్టుంది.

విరుగుడు మీ బళ్లోనే చెప్పారు, ఛందస్సని భయపడి వదిలేశారు. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. లఘువుకు (పొట్టి అక్షరానికి) ఒక మాత్ర, గురువుకు (దీర్ఘానికి, సున్న ఉన్నదానికి, జంటహల్లు ముందున్నదానికి) రెండు. మెడలో: ఒకటి, ఒకటి, రెండు, వెరసి నాలుగు. పూసల: రెండు, ఒకటి, ఒకటి, నాలుగు. దండ: సున్న ఉంది కాబట్టి మొదటిది రెండు, తర్వాతది ఒకటి, మూడు. ఒక మాత్ర ఊపిరికి వదిలితే అదీ నాలుగే. చేతిన, చేపల, బుట్ట కూడా సరిగ్గా అలాగే తూగుతాయి. ఆ పిల్లకు తెలియకుండానే తకధిమి నడకలో, అంటే నాలుగేసి మాత్రల అడుగులతో, రాసింది. ముందు "చేతిలో" అని రాసి కొట్టేసిందట. చెవి అంటే అదీ! చేతిలో అంటే అయిదు మాత్రలు, కాలు తడబడేది.

ఇప్పుడు వీడియో దెబ్బలు మర్చిపోండి. బొటనవేలితో అడుగుకొక్క దెబ్బ, కిందికి. మె- మీద ఒకటి, పూ- మీద ఒకటి, దం- మీద ఒకటి. మూడు అడుగులయ్యాక నాలుగో అడుగు మొత్తం ఖాళీ. అది గిటారుది. మీ దగ్గరున్న హంగులన్నీ అక్కడ చూపించండి, నోరు తెరిచాక గిటారు తగ్గాలి. మొదటి పంక్తికి జీ, రెండో పంక్తికి సీ, ఆ పంక్తి తర్వాత వచ్చే ఖాళీ అడుగులో డీ. చాలు.

వాన పాటకు ఈ లెక్క పనికిరాదు. వాన, చుక్క, నేల, తాకి, ఒక్కోటీ మూడు మాత్రలే. తకిట నడక. దాని మీద నాలుగు లెక్కల స్ట్రమ్మింగ్ వేశాడు కాబట్టే మిగిలిన మాత్రను పూడ్చడానికి దీర్ఘం తీశాడు.

ఇదంతా నా సొంత తెలివి కాదు. మన ఉత్తరాంధ్ర జముకుల కథ వినండి. డొల్లకు తోలు మూసి, దాంట్లోంచి లాగిన ఒక్క నరాన్ని మీటుతూ కథ నడిపిస్తారు. జముకు ఎంత మోగినా మాట ఎక్కడా మునగదు. మీకు ఆరు తీగలున్నాయి.

వంగపండు ప్రసాదరావు గారినీ అలాగే వినండి. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, ఇక్కడే హిందూస్థాన్ షిప్‌యార్డులో పనిచేస్తూ పాటలు కట్టి, గజ్జె కట్టి పాడిన మనిషి. 2020 ఆగస్టులో పోయారు. ఆయన పాటలో "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" అనడంలో చూడండి, "వెళ్దాం వస్తావా"లోని దీర్ఘాలు కుదించుకుపోయాయి, వకారం ఎగిరిపోయింది. మరి ఆయన మార్చొచ్చా అంటే, ఆయన మార్చలేదు. మన ఊళ్ల నోళ్లలో ఆ మాట అలాగే ఉంది, ఆయన దాని నడక పట్టుకున్నారు. మేడ అలా కాదు, మెడను మేడ అనే మనిషి ఏ ఊళ్లోనూ లేడు. జనం నోట్లో కుదించుకుంటే మీరూ కుదించండి. గిటారు కోసం మాత్రం కాదు.

అభ్యాసం. మూడు రోజులు గిటారు ముట్టొద్దు. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కు వెళ్లి అరగంట నిలబడండి, అమ్మేవాళ్ల కేకలు ఇరవై రాసుకోండి, విన్నది విన్నట్టు, యాసతో సహా. ఇంటికొచ్చి ఒక్కోదానికి మాత్రలు లెక్కేసి, తకిటా తకధిమా తేల్చండి. రెండిట్లోనూ పడనివి కొన్ని ఉంటాయి, వాటి పక్కన చుక్క పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి. నాలుగో రోజు మీ పాత పంక్తులు తీసి, బొటనవేలి దెబ్బతో పాడి, వీధి తెలియని వాళ్లెవరికైనా వినిపించి, విన్నది రాసిమ్మనండి. వాళ్లు రాసిన కాగితాన్ని ఫొటో తీసి పంపండి, రికార్డింగ్ వద్దు.

తీగలు తెగినవాళ్లు కొత్తవి వేశాక, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టండి. కిటికీ పక్కన గోడకు తగిలించకండి.