మిర్రర్‌లెస్సా, కాంపాక్టా: ముందు రెండో లెన్సు సంగతి తేల్చుకోండి

ఫోను కెమెరా ఇక చాలదనిపించి, మొదటిసారి విడి కెమెరా కొందామని బయలుదేరినవారి ఎదుట సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి, లెన్సు మార్చుకునే వీలున్న ప్రారంభస్థాయి మిర్రర్‌లెస్ కెమెరా. కెనాన్ ఆర్50, నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఇ10 ఈ కోవలోవి. రెండవది, లెన్సు శాశ్వతంగా బిగించి ఉండే చిన్న కాంపాక్ట్ కెమెరా. సోనీ ఆర్‌ఎక్స్100 వరుస, కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3, రికో జీఆర్ 3 ఇటువంటివి. వీటిలో ఏది మంచిదని అడిగితే, సెన్సర్ (వెలుతురును పట్టి ఫొటోగా మార్చే పలక) పెద్దది కనుక మిర్రర్‌లెస్సే మంచిదని చాలామంది తడుముకోకుండా చెబుతారు. ఆ జవాబు సగమే నిజం. పెట్టెలో కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుతోనే సరిపెట్టుకునేవారి విషయంలో అది తరచుగా తప్పు జవాబు కూడా. ఎందుకు తప్పో లెక్క వేసి చూపడానికే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు కేటాయిస్తున్నాను.

అయితే లెక్కకు ముందు ఇంట్లో కూర్చుని చేయవలసిన పని ఒకటుంది. గత ఏడాదిలో ఫోనుతో తీసిన ఫొటోలన్నీ ఒకసారి తిరగేసి, నచ్చక పక్కన పెట్టినవాటిని మాత్రం ఏరి, ప్రతి ఫొటో ఎందుకు చెడిందో ఒక కాగితం మీద రాసుకోండి. వెలుతురు చాలక ముఖాలు అలుక్కుపోయినవి కొన్ని ఉంటాయి. మనిషి దూరంగా ఉండడం వల్ల పెద్దది చేయబోతే మసకబారినవి కొన్ని ఉంటాయి. పిల్లలు కదలడం వల్ల చెదిరినవి ఇంకొన్ని ఉంటాయి. ఈ మూడింటిలో ఏ జాబితా పొడవుగా ఉందో అదే మీరు డబ్బు ఖర్చు పెట్టవలసిన సమస్య. మూడు జాబితాలూ చిన్నవిగానే ఉంటే, ఆ ఫోనునే మరికొంత కాలం వాడుకోమని నా సలహా. మంచి ఎండలో తీసిన ఫొటోలను ఫోను తెరమీదే చూసుకునేవారికి ఈ రెండు రకాల కెమెరాలూ చూపగలిగే తేడా చాలా స్వల్పం.

ఇక వెలుతురు సంగతి. కెమెరాలోకి చేరే వెలుతురు రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: సెన్సర్ ఎంత పెద్దది, లెన్సు ద్వారం ఎంత తెరుచుకుంటుంది. దుకాణాల్లో మొదటిదాన్ని గురించి ఎంతో చెబుతారు, రెండోదాన్ని గురించి పెద్దగా చెప్పరు. కెనాన్ ఆర్50లో ఉన్న ఏపీఎస్-సి అనే రకం సెన్సర్ సుమారు 22.3 మిల్లీమీటర్ల పొడవు, 14.9 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే దాదాపు 332 చదరపు మిల్లీమీటర్లు. మంచి కాంపాక్ట్ కెమెరాల్లో వాడే ఒక అంగుళం సెన్సర్ 13.2 మిల్లీమీటర్లు, 8.8 మిల్లీమీటర్ల కొలతతో 116 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. దానికి అంగుళమని పేరే కాని, మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లకు మించదు. పాత వీడియో కెమెరాల గాజు గొట్టాలను కొలిచే పద్ధతి నుంచి ఆ పేరు నిలిచిపోయింది. కాబట్టి సెన్సర్ వరకే చూస్తే మిర్రర్‌లెస్ దాదాపు మూడు రెట్లు పెద్దది.

లెన్సును కలిపితే లెక్క తిరగబడుతుంది. ఆర్50తో వచ్చే 18-45 మిల్లీమీటర్ల కిట్ లెన్సు వెడల్పు చివర (ఎక్కువ దృశ్యం పట్టే చోట) ఎఫ్/4.5, జూమ్ చివర (దూరపువి దగ్గరగా కనిపించే చోట) ఎఫ్/6.3 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ పక్కనున్న సంఖ్య ఎంత చిన్నదైతే ద్వారం అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. జీ7 ఎక్స్ మార్క్ 3లో బిగించి ఉన్న లెన్సు వెడల్పు చివర ఎఫ్/1.8, జూమ్ చివర ఎఫ్/2.8 వరకు తెరుచుకుంటుంది. సెన్సర్ వైశాల్యాన్ని ఎఫ్ సంఖ్య వర్గంతో భాగిస్తే, ఒకే దృశ్యాన్ని ఒకే షట్టర్ వేగంతో (అంటే సెన్సర్ మీద వెలుతురు పడే వ్యవధి ఒకటే ఉంచి) తీసేటప్పుడు మొత్తం మీద ఎంత వెలుతురు చేరుతుందో పోల్చుకోవడానికి ఒక అంకె దొరుకుతుంది. వెడల్పు చివర కిట్ లెన్సుతో ఆర్50కి 16 వస్తే, జీ7 ఎక్స్‌కు 36 వస్తుంది. జూమ్ చివర ఆర్50కి 8, అదే చూపు (ఫొటోలో పడే దృశ్యపు వెడల్పు) దగ్గర జీ7 ఎక్స్‌కు 15. అంటే సాయంత్రం ఇంట్లోనో, పెళ్లి మండపంలోనో, జేబులో పట్టే చిన్న కెమెరాకే ఇంచుమించు రెట్టింపు వెలుతురు అందుతోంది. పెద్ద సెన్సర్ కోసం డబ్బు పెట్టి, ఆ లాభాన్ని ఇరుకైన లెన్సు ద్వారం దగ్గర పోగొట్టుకోవడమంటే ఇదే.

అదే ఆర్50కి 160 గ్రాముల బరువుండే 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు తగిలించి చూడండి. అంకె ఒక్కసారిగా 102కు పెరుగుతుంది. అదే చూపు దగ్గర కాంపాక్ట్‌కు ఉన్నది 15 కనుక, ఇప్పుడు మిర్రర్‌లెస్ దాదాపు ఏడు రెట్లు ముందుంటుంది. జూమ్ సౌకర్యం వదులుకోలేనివారికి సిగ్మా తయారుచేసే 18-50 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 లెన్సు ఉంది. అది సోనీ కెమెరాలకు 2021 నుంచి, కెనాన్ కెమెరాలకు 2024 నుంచి దొరుకుతోంది. దానితో అంకె 42 వస్తుంది, జూమ్ చివరికి వెళ్లినా అది తగ్గదు.

ఫొటోలో వెనుక దృశ్యం మెత్తగా కరిగిపోయి మనిషి ఒక్కరే స్పష్టంగా నిలవాలని కోరుకునేవారు కూడా ఈ విషయాన్నే గమనించాలి. ఒకే దూరం నుంచి ఒకే దృశ్యం తీసేటప్పుడు వెనుక భాగం ఎంతగా మసకబారుతుందన్నది లెన్సు ద్వారపు అసలు వ్యాసాన్ని బట్టి ఉంటుంది. కిట్ లెన్సు జూమ్ చివర ఆ వ్యాసం 7 మిల్లీమీటర్లు. కాంపాక్ట్‌లో అదే చూపు దగ్గర 9 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సులో దాదాపు 28 మిల్లీమీటర్లు. ఓణీల వేడుకలో అమ్మాయి ముఖం నిలిచి వెనుక తోరణాలు, విద్యుద్దీపాలు రంగుల చుక్కలుగా మారే ఫొటో ఈ మూడో అమరికతో తేలికగా వస్తుంది, మొదటి అమరికతో ఎంత ప్రయత్నించినా రాదు.

కనుక నిర్ణయాన్ని కెమెరా దగ్గర కాక లెన్సు దగ్గర తీసుకోవాలి. ఏడాదిలోపు రెండో లెన్సు కొనగలరా, కొన్నాక దాన్ని బయటికి తీసుకువెళ్లే ఓపిక ఉంటుందా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా ప్రశ్నించుకోండి. రెండింటికీ అవునని జవాబు వస్తే మిర్రర్‌లెస్ తీసుకోండి. వీలైతే కిట్ లెన్సు లేకుండా కెమెరా మాత్రమే కొని, మిగిలిన సొమ్ము మంచి లెన్సు మీద పెట్టడం ఇంకా మేలు. ఒక్కదానికి కాదనిపించినా ఒక అంగుళం సెన్సర్ ఉన్న కాంపాక్ట్ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. పెట్టెలోంచి తీసిన మొదటి రోజు తగిలించిన కిట్ లెన్సు అయిదేళ్లయినా ఊడదీయని మిర్రర్‌లెస్ కెమెరాలను నేను బంధువుల బీరువాల్లో చాలానే చూశాను. వారంతా ఫొటోల మీద ఇష్టం లేనివారు కారు. తమ కెమెరా మరో లెన్సుతో ఏమి చేయగలదో కొన్నరోజు ఎవరూ చెప్పకపోవడం వల్లే అలా జరిగింది.

దూరపు ఫొటోలే మీ ప్రధాన సమస్య అయితే లెక్క వేరుగా ఉంటుంది. పాఠశాల వార్షికోత్సవంలో వేదికకు 20 మీటర్ల దూరంలో మీకు కుర్చీ దొరికిందనుకోండి. కిట్ లెన్సు జూమ్ చివర ఫొటోలో వేదిక 10 మీటర్ల వెడల్పున పడుతుంది. అందులో మీ పాప ఒక చిన్న బొమ్మలా కనిపిస్తుంది. జీ7 ఎక్స్‌తో అది 7 మీటర్లు అవుతుంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కన (పాత ఫిల్మంత పెద్ద సెన్సర్‌తో పోల్చి చెప్పే కొలతలో) 200 మిల్లీమీటర్ల వరకు జూమ్ చేయగల ఆర్‌ఎక్స్100 ఏడో తరం కెమెరాతో మూడున్నర మీటర్లకు వస్తుంది, ఒక చిన్న బృందం నిండుగా పడుతుంది. అయితే ఆ చివర దాని ద్వారం ఎఫ్/4.5కి కుంచించుకుపోతుంది. ఆర్50కి 55-210 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే ఇంకా దగ్గరికి వెళ్లవచ్చు కాని, అక్కడ ద్వారం ఎఫ్/7.1. కూచిపూడి నాట్యం చేసే పిల్లల చేతులు చెదరకుండా పడాలంటే షట్టర్ వేగం సెకనులో 250వ వంతైనా ఉండాలి. కెమెరాలోనో లెన్సులోనో ఉండే స్థిరీకరణ మీ చేతి వణుకును సరిచేస్తుందే కాని నర్తకి కదలికను ఆపలేదు. మసక వెలుతురు వేదికకు ఈ ధరల్లో పరిపూర్ణమైన జవాబు లేదు. కార్యక్రమానికి ముందుగా వెళ్లి మొదటి వరుసల్లో కూర్చోవడం ఏ లెన్సుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

పగటి వెలుతురులో పక్షుల ఫొటోలు తీయాలనుకునేవారి సంగతి ఇందుకు భిన్నం. నేలపట్టులోనో, కొల్లేరు ఒడ్డున ఆటపాకలోనో గూడబాతులను 30 మీటర్ల నుంచి చూస్తున్నారనుకుంటే, 210 మిల్లీమీటర్ల లెన్సుతో ఫొటోలో మూడు మీటర్లకు పైగా వెడల్పు పడుతుంది. కెనాన్ ఎస్‌ఎక్స్740 వంటి 40 రెట్ల జూమ్ కాంపాక్ట్‌తో సుమారు ఒక మీటరే పడుతుంది, పక్షి తల, ముక్కు నిండుగా కనిపిస్తాయి. దాని సెన్సర్ వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లే కనుక ఉదయపు ఎండ ఉన్నంతసేపే అది బాగా పనిచేస్తుందనీ, ఇంట్లో రాత్రిపూట దాని ఫొటోలు మంచి ఫోనుకు కూడా సరితూగవనీ ముందే తెలుసుకుని కొనాలి. చౌకగా దొరికే కాంపాక్ట్‌లలో ఎక్కువ భాగం ఈ చిన్న సెన్సర్‌వే. పెట్టె మీద 1/2.3 అన్న అంకె కనిపిస్తే, దూరపు జూమ్ మీకు నిజంగా అవసరమైతే తప్ప దాన్ని పక్కన పెట్టండి.

రికో జీఆర్ 3ని ఈ పోలికలో ప్రత్యేకంగా చూడాలి. 2019లో వచ్చిన ఈ కెమెరాలో మిర్రర్‌లెస్ కెమెరాలంతటి ఏపీఎస్-సి సెన్సరే ఉంది, అయినా బ్యాటరీతో కలిపి బరువు 257 గ్రాములే. జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, ఫుల్ ఫ్రేమ్ లెక్కన 28 మిల్లీమీటర్ల చూపు ఒక్కటే ఉంది. వీధుల్లో, సంతల్లో, తిరునాళ్లలో మనుషుల మధ్య నడుస్తూ ఫొటోలు తీసేవారికి ఇంతకన్నా తగిన సాధనం అరుదు. ఇంట్లో అందరూ పంచుకుని వాడే ఒకే ఒక్క కెమెరాగా మాత్రం దీన్ని సూచించలేను.

మోసుకెళ్లే సౌలభ్యాన్ని గ్రాముల్లో కాక ఆకారంలో చూడాలి. ఆర్50 బరువు బ్యాటరీ, కార్డులతో 375 గ్రాములు, కిట్ లెన్సు 130 గ్రాములు. జీ7 ఎక్స్ మొత్తం 304 గ్రాములు. తేడా 200 గ్రాములే అయినా, ముందుకు పొడుచుకువచ్చే లెన్సు ఉన్న కెమెరాకు ప్రత్యేకంగా ఒక సంచి కావాలి, కాంపాక్ట్ చొక్కా జేబులోనో చేతిసంచిలోనో ఇమిడిపోతుంది. ప్రయాణంలో సంచి తెరిచి కెమెరా తీయడానికి బద్ధకించే స్వభావం మీదైతే, దాన్ని మార్చుకుంటానన్న ఆశ మీద డబ్బు పెట్టకండి.

మన వాతావరణం కూడా ఈ ఎంపికలోకి వస్తుంది. కాంపాక్ట్ కెమెరా లెన్సు ప్రతిసారీ బయటికి వచ్చి లోపలికి ముడుచుకుంటుంది కనుక, బీచిలోనో దుమ్ము దారుల్లోనో వాడితే ధూళి మెల్లగా లోపలికి చేరవచ్చు. అది సెన్సర్ మీద కూర్చుంటే ఫొటోలో నల్లచుక్కగా కనిపిస్తుంది, దాన్ని తీయాలంటే సర్వీసు కేంద్రంలో కెమెరా విప్పించాలి. మిర్రర్‌లెస్‌లో లెన్సు మార్చేటప్పుడు దుమ్ము పడే అవకాశం ఇంకా ఎక్కువే అయినా, కెమెరాను కిందికి వంచి రబ్బరు బ్లోయరుతో గాలి కొడితే చాలావరకు మీరే పోగొట్టుకోవచ్చు. నోటితో మాత్రం ఎప్పుడూ ఊదకూడదు. కోస్తా జిల్లాల్లోని తేమకు ఏ లెన్సుకైనా బూజు పట్టే ప్రమాదం ఉంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు చిన్న తేమ కొలిచే మీటరు వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. తోలు సంచిలో పెట్టి బీరువాలో మరచిపోవడం బూజును పిలిచి కూర్చోబెట్టడమే.

దుకాణంలో కొన్ని విషయాలు చేతిలోకి తీసుకుని చూస్తేనే తెలుస్తాయి. జెడ్30కీ జెడ్‌వీ-ఇ10కీ కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. మన మధ్యాహ్నపు ఎండలో తెర సరిగా కనబడదు కనుక ఆరుబయట ఎక్కువగా తీసేవారు వ్యూఫైండర్ ఉన్న ఆర్50 వంటిదాన్ని చూడటం మంచిది. ధర తక్కువని కెనాన్ ఆర్100 వైపు మొగ్గేవారు దాని తెర తిరగదనీ, స్పర్శకు స్పందించదనీ గమనించాలి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారు వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో కాగితం చదివి గాని సరేననకూడదు. వాడినది కొంటుంటే, లెన్సును టార్చి వెలుగుకు ఎదురుగా పట్టి లోపల సాలెగూడు పోగుల్లాంటి గీతలున్నాయేమో చూడండి. ఉంటే అది బూజు, ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

చివరగా, మీ సొంత మెమరీ కార్డు జేబులో వేసుకుని వెళ్లండి. దుకాణదారుని అనుమతితో, పరిశీలనలో ఉన్న రెండు కెమెరాలలోనూ ఆ కార్డు వేసి, దుకాణంలో వెలుతురు తక్కువగా ఉన్న మూల ఒక మనిషిని నిలబెట్టి, షట్టర్ వేగాన్ని సెకనులో 125వ వంతు దగ్గర నిలిపి, ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో ఉంచి, ఒకే దూరం నుంచి ఒకే చూపుతో నాలుగైదు ఫొటోలు తీయండి. మిర్రర్‌లెస్‌ను కిట్ లెన్సుతో ఒకసారి, మీరు కొనాలనుకుంటున్న రెండో లెన్సుతో మరొకసారి పరీక్షించండి. ఆ రోజే కొనవద్దు. ఇంటికి వెళ్లి కంప్యూటరు తెరమీద ఆ ముఖాలను పక్కపక్కన పెట్టి, కనురెప్పల వెంట్రుకలు ఏ ఫొటోలో విడివిడిగా కనిపిస్తున్నాయో చూసి, మరునాడు వెళ్లి ఆ అమరికనే కొనుక్కోండి.