శివరాత్రికి నల్లమల మీదుగా నడిచి వెళ్తున్నారా?

వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచే భక్తుల కోసం ఇది రాస్తున్నాను. ఆ దారి పులుల అభయారణ్యం లోపలిది. బయల్దేరేముందు అందరూ పులి గురించే అడుగుతారు. నా టెన్షన్ అంతా నిప్పు గురించి.

మాఘం చివరికి నల్లమలలో టేకు ఆకు రాలిపోయి ఉంటుంది, బోద గడ్డి ఎండిపోయి ఉంటుంది. ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు. మన అడవుల్లో మంట దానంతట అది పుట్టడం చాలా అరుదు, దాదాపు ప్రతిసారీ మనిషి అంటించిందే. అందుకే దారిలో పొయ్యి పెట్టకండి. అన్నదానం జరిగేచోటే తినండి. చెట్టు కింద దేవుడి రాయి కనిపిస్తే కర్పూరం వెలిగించాలని చెయ్యి లాగుతుంది. దండం పెట్టుకుని కదలండి, శివయ్య ఏమీ అనుకోడు. కార్చిచ్చు వస్తే జింక పరుగెత్తగలదు. నక్షత్ర తాబేలు, నేల మీద గుడ్లు పెట్టిన పిట్ట ఎక్కడికి పోతాయి?

పొగ కనిపిస్తే కొండ పైకి మాత్రం ఎక్కకండి. ఏటవాలులో మంట మనకంటే వేగంగా పైకి పాకుతుంది. గాలి ఎటు వీస్తుందో చూసుకుని పక్కకు, వీలైతే కిందికి, గడ్డి లేని రాతినేల మీదికి వెళ్లండి. దగ్గర్లోని అటవీ సిబ్బందికి చెప్పండి, సిగ్నల్ ఉంటే 112కు ఫోన్ చేయండి.

నీళ్లు మీవెంటే ఉండాలి, స్టీలు సీసాలో. తాగేసిన ప్లాస్టిక్ సీసా, బిస్కెట్ కవరు అడవిలో వదిలితే జంతువులు తింటాయి. భీముని కొలను దగ్గర దిగుడు, ఎక్కుడు రెండూ కష్టమే. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు బస్సులో రండి, పుణ్యం తగ్గదు.

చీకటి పడేలోగా మజిలీ చేరండి. ఎలుగుబంట్లు తిరిగేది ఎక్కువగా ఆ వేళల్లోనే. గుంపుగా, మాట్లాడుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. పాము కరిస్తే కట్టు కట్టి, గాటు పెట్టి కాలయాపన చేయొద్దు. కరిచిన కాలు కదలకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి.

ఉగాదికి ఇదే దారిన వచ్చే కన్నడ భక్తులకు ఎండ ఇంకా ముదురుతుంది. మీకు తెలిసినవాళ్లు ఉంటే ఈ నిప్పు సంగతి వాళ్లకూ చెప్పండి.