రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో సైకిలు: బయలుదేరే ముందు జాగ్రత్తలు

చిన్న స్పోర్ట్స్ కారులో సైకిలు పట్టదని చాలామంది ప్రయత్నించకుండానే తేల్చేస్తారు. మాజ్దా ఎంఎక్స్-5 వంటి కారు పొడవు 4 మీటర్ల లోపే, డిక్కీ సుమారు 130 లీటర్లే; రోడ్డు సైకిలు చక్రం టైరుతో కలిపి దాదాపు 67 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది కాబట్టి ఆ సందేహం సహజమే. అయినా రెండు చక్రాలూ విప్పి, పక్క సీటును పూర్తిగా వెనక్కి జరిపితే చాలా సైకిళ్ల ఫ్రేములు ఆ సీటు మీద ఇమిడిపోతాయి. ఎక్కించడానికి ఓపిక చాలు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ సైకిలు ఎక్కడికి పోతుందన్నది మాత్రం ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుంటే, లోపలున్న 10 కిలోల సైకిలు దాదాపు 200 కిలోల బరువంత బలంతో ముందుకు దూసుకువస్తుంది. ఇంత ఇరుకైన కారులో అది నడిపేవారి భుజానికి జానెడు దూరంలోనే ఉంటుంది. అందువల్ల సీటు బెల్టును ఫ్రేము త్రికోణంలోంచి దూర్చి తగిలించి, ఆపైన మరో పట్టీతో ఫ్రేమును సీటు వీపుకు కట్టాలి. చైను పళ్లచక్రం బెల్టును కోయకుండా దానికి మందపాటి గుడ్డ చుట్టాలి. కార్బన్ ఫ్రేము అయితే పై గొట్టం మధ్యభాగంలో పట్టీని బిగించకూడదు. అక్కడ గోడ పలుచగా ఉంటుంది, లోపల పడిన చీలిక పైకి కనిపించకపోవచ్చు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేవి చిన్న విడిభాగాలు. ఒకసారి తొందరలో ముందు చక్రం ఇరుసును పక్క సీటు మీద వదిలేసి బయలుదేరాను. మలుపులో అది దొర్లి నా కాళ్ల దగ్గరికి వచ్చింది. బ్రేకు తొక్కితే పెడల్ సగంలోనే ఆగిపోయింది. వేగం తక్కువగా ఉండబట్టి హ్యాండ్‌బ్రేకు లాగి కారును ఆపగలిగాను. వేలంత లావు, జానెడు కూడా లేని ఆ కడ్డీని చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్న ఆ కొద్ది నిమిషాలు ఇప్పటికీ మరచిపోలేదు. ఇరుసులు, పెడళ్లు, స్పానర్లు, నీళ్ల సీసా, గాలి పంపు అన్నీ ఒక సంచిలో వేసి మూతి కట్టి డిక్కీలోనే పెట్టాలి.

విప్పే పనికి ఒక వరుస ఉంది. చక్రాలు ఉండగానే పెడళ్లు తీయాలి, ఎందుకంటే అప్పుడే సైకిలు నిలకడగా ఉంటుంది. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది కాబట్టి కుడి, ఎడమ అని తికమకపడకుండా, స్పానర్‌ను పైకి నిలిపి వెనుక చక్రం వైపు తిప్పితే రెండూ వదులవుతాయి. తర్వాత చైనును వెనుక అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి దింపి, ఆపైనే వెనుక చక్రం తీయాలి. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులైతే చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య బిళ్ల గాని, మడతపెట్టిన గట్టి అట్ట గాని పెట్టాలి. లేకుంటే దారిలో లివరు ఒక్కసారి నొక్కుకున్నా ప్యాడ్లు దగ్గరకు వచ్చేసి చక్రం మళ్లీ ఎక్కదు. డిస్కుకు చైను నూనె అంటకూడదు. అంటితే బ్రేకు పట్టు తగ్గుతుంది.

ఫ్రేమును గేర్ల వైపు పైకి ఉండేలా పెట్టాలి. డిరైలర్ (చైనును ఒక గేరు నుంచి మరో గేరుకు మార్చే భాగం) మీద బరువు పడితే దాన్ని పట్టి ఉంచే చిన్న లోహపు కొక్కెం వంగిపోతుంది. హ్యాండిల్ చివర ముందు అద్దానికి తగలకూడదు, గుంతలో ఒక్క కుదుపు చాలు అద్దం పగలడానికి. గుడ్డ పైకప్పు ఉన్న కారులో కప్పు మూసేటప్పుడు ఏ భాగమూ దాన్ని పైకి నెట్టకుండా చూడాలి. ఇక నడిపే సీట్లో కూర్చుని గేర్లన్నీ వేసి చూసి, హ్యాండ్‌బ్రేకు లాగి, రెండు పక్క అద్దాలూ కనిపిస్తున్నాయో లేదో పరిశీలించాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా దించి మళ్లీ సర్దవలసిందే.

వెనుక సీటు మడిచే వీలున్న టొయోటా 86 వంటి కార్లలో రెండు సైకిళ్లు కూడా పట్టించవచ్చు. రెండో ఫ్రేమును తలకిందుగా, మధ్యలో దుప్పటి వేసి పెట్టాలి. రెండు సీట్ల కారులో ఇద్దరు మనుషులూ సైకిలూ అంటే మాత్రం కారుకు సరిపోయే బయటి ర్యాక్ వాడుకోవాలి; ఒడిలో చక్రం పెట్టుకుని కూర్చోవడం ఎంత చిన్న ప్రయాణానికైనా పనికిరాదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ చక్రమే మనిషి మీదికి వస్తుంది.

చేరాక ఇరుసులు పూర్తిగా బిగించి, రిమ్ము బ్రేకులైతే (చక్రం అంచును పట్టి ఆపేవి) చక్రం తీయడానికి వదులు చేసిన బ్రేకు మీది చిన్న లివరును మళ్లీ మూసి, రెండు చక్రాలనూ ఎత్తి తిప్పి చూడాలి. ఆపైన బ్రేకు లివర్లను నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి, పట్టు సరిగా ఉందని తేలాకే సైకిలు ఎక్కాలి.