రైలు పిచ్చోళ్ల గ్రూపుని గొడవల్లేకుండా నడపడం ఎలా

తిట్టినవాణ్ణి గ్రూపులోంచి తీసేయడం పెద్ద పనేం కాదు. ఎవరూ అడ్డుపడరు, పైగా మంచి పని చేశావంటారు. అడ్మిన్‌కి టెన్షన్ అంతా నోట బూతు రాని పెద్దమనిషితోనే. ఆయనకి విషయం బాగా తెలుసు, మాట మాత్రం వెటకారం. అలాంటివాళ్లు ఇద్దరున్నా చాలు, గ్రూపు చడీచప్పుడు లేకుండా చల్లారిపోతుంది. కొత్తవాళ్లు ఎదురు తిరగరు, ఊరుకుంటారు. కొన్నాళ్లకి గుడ్ మార్నింగ్ బొమ్మలే మిగులుతాయి.

నాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దునున్న పర్లాకిమిడిలో జిరాక్సు షాపు. మా వాట్సాప్ గ్రూపులో అందరికీ నౌపడ–గుణుపురం లైనంటే ప్రాణం. రాజావారి చొరవతో 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా చిన్న బండి (నేరో గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు తక్కువ) నడిచింది. 1931లో గుణుపురం దాకా లైను పొడిగించారు. 2004లో దాన్ని ఆపేసి బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) పనులు మొదలుపెట్టారు, 2011లో గుణుపురానికి మళ్లీ రైలొచ్చింది. ఆ పాత బండెక్కి పెళ్లిళ్లకెళ్లిన తాతలూ, దాన్ని యూట్యూబ్‌లోనే చూసిన కుర్రాళ్లూ ఒకే గ్రూపులో ఉన్నారు. ఇంక చూస్కోండి.

ఒక కాలేజీ కుర్రాడు ఆవిరి ఇంజను ఫొటో పెట్టి "మన గుణుపురం బండి" అని రాశాడు. అది డార్జీలింగ్‌ది. రిటైరైన స్టేషన్ మాస్టారొకాయన వెంటనే అందుకున్నారు: "ఓహో, ఇలాంటి మేధావులు కూడా ఉన్నారా మన గ్రూపులో." కింద వరసగా నవ్వు బొమ్మలు. కుర్రాడు ఫొటో తీసేశాడు.

ఇలాంటప్పుడు మాస్టారిని గ్రూపులో మందలించకండి. అరవై దాటిన మనిషిని పదిమందిలో అంటే ఇంజను సంగతి పక్కకి పోయి పరువు సంగతి ముందుకొస్తుంది. ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, ఫోనే. నేనన్నది ఇంతే: "మాస్టారూ, మీరు చెప్పింది రైటే. అది డార్జీలింగ్‌దని మీరెలా పోల్చారో ఆ పిల్లాడికి రెండు ముక్కలు రాయండి. మీరు తప్ప చెప్పేవాళ్లెవరున్నారు?" సాయంత్రానికి రాశారు. మన చిన్న లైను గేజ్ రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. డార్జీలింగ్‌ది రెండడుగులు, 610. అక్కడి బి క్లాసు ఇంజనుకి మొత్తం నాలుగే చక్రాలు, నీళ్ల ట్యాంకు బాయిలరు మీదే ఉంటుంది. ఈ రెండూ చూస్తే ఎవరైనా గుర్తుపట్టొచ్చు. మా గ్రూపులో ఎక్కువమంది దాచుకున్న మెసేజ్ అదేననుకుంటాను.

కుర్రాడికి విడిగా ఫోన్ చేసి, డార్జీలింగ్ అని రాసి అదే ఫొటో మళ్లీ పెట్టమన్నాను. వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల లోపు రాసినదాన్ని ఎడిట్ చేసుకోవచ్చని చాలామందికి తెలీదు. కొత్తగా చేరినవాళ్లకి ఇది ముందే చెప్పి పెట్టండి. సగం గొడవలు దిద్దుకునే దారి తెలియక పుట్టినవే.

అప్పటి నుంచి గ్రూపు డిస్క్రిప్షన్‌లో మొదటి నియమం ఇది: ఎవరిదైనా తప్పంటే, ఎందుకు తప్పో కూడా రాయాలి. దీనికి మించిన మందు నాకు దొరకలేదు. కారణం రాయడానికి కూర్చుంటే వెటకారం దానంతటదే తగ్గుతుంది. కారణం లేనివాళ్లు మాట్లాడరు. నియమాలు ఐదు మించనివ్వకండి. పేజీలకి పేజీలు రాస్తే చదివేది రాసినవాడొక్కడే.

మా వైపు ఇంకో చిక్కుంది. ఇక్కడ తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియానే చదువుకున్నారు. తెలుగు అక్షరాలు రావు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, కొందరు ఒడియా లిపిలో రాస్తారు, మిగతావాళ్లు వాయిస్ పంపుతారు. ఆంధ్రాలోని టెక్కలి వైపు నుంచి చేరినాయనెవరో "ముందు తెలుగు నేర్చుకుని రండి" అన్నాడు. అది ఒప్పుకోలేదు, ఆ మెసేజ్ వెంటనే తీసేశాం. ఎవరు ఏ లిపిలో రాసినా ఎగతాళి చేయకూడదన్నది రెండో నియమం. వాయిస్ మాత్రం నిమిషం దాటకూడదు, దాని కింద విషయమేమిటో ఒక్క లైను రాయాలి. లేకపోతే మూడు నిమిషాల ఆవేశంలో ఎవర్ని ఏమన్నారో అడ్మిన్ షాపులో కస్టమర్ల ముందు వినాల్సొస్తుంది.

ఇక రైల్వే జోన్ గోల. 2019లో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్, దాంతో పాటు ఒడిశా వైపు రాయగడ డివిజన్ ప్రకటించిన దగ్గర్నుంచి ఇది మానని పుండు. ఏ స్టేషన్ ఎటు పోవాలి, ఏ లైను ఆదాయం ఎవరిది అని మొదలై, రెండు గంటల్లో ఆంధ్రావాళ్లు–ఒడియావాళ్లు దాకా పోతుంది. రైళ్ల గ్రూపులో రైల్వే మాటే ఎత్తొద్దంటే ఎలా? అందుకే నిషేధం పెట్టలేదు. టైం టేబుల్, ఉత్తర్వు, మ్యాపు లాంటివి చూపించి మాట్లాడితే సరే. "మీవాళ్లు", "మావాళ్లు" అన్న మాట రాగానే చర్చ ఆ పూటకి బంద్. గ్రూప్ సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా పెట్టేసి, పొద్దున్నే తెరుస్తాం. జోన్ కోసమని వేరే గ్రూపు కూడా తెరిచి చూశాం. నలుగురైదుగురు తప్ప ఎవరూ రాలేదు. చూసేవాళ్లు లేకపోతే పోట్లాటలో మజా ఏముంది!

మాట్లాడి చూడకుండానే మనిషిని తీసేసేది ఒక్క తప్పుకే. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి కదా. ఒకమ్మాయి పాతపట్నం స్టేషన్ ఫొటో పెడితే చాలు, రాత్రికి ఎవడో విడిగా హాయ్ అని మొదలెడతాడు. ముందు గ్రూపులో అడగకుండా ఎవరికీ విడిగా మెసేజ్ పెట్టకూడదు. ఫిర్యాదు వస్తే స్క్రీన్‌షాట్ చూసి అదే రోజు తీసేయండి. "కుర్రాడు, పోనీలే" అన్నామంటే ఆడవాళ్లు మనకి చెప్పడం మానేస్తారు.

పట్టాల మధ్య నిలబడి తీసుకున్న సెల్ఫీలు కూడా ఉంచం. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా పట్టాల మీదకి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అలాంటి ఫొటోకి లైకులు పడితే మర్నాడు ఇంకొకడు తయారవుతాడు.

అడ్మిన్ డిలీట్ చేసిన సంగతి అందరికీ కనిపిస్తుంది కాబట్టి, తీసేసిన వెంటనే ఎందుకో ఒక్క లైను రాయండి. పేరు రాయొద్దు. తీసే ముందు స్క్రీన్‌షాట్ దాచుకోండి. సభ్యులెవరో పెట్టినదానికి అడ్మిన్ జైలుకెళ్తాడని భయపెట్టేవాళ్లుంటారు. ఇద్దరూ ముందే కూడబలుక్కుని చేస్తే తప్ప, సభ్యుడి పోస్టుకి అడ్మిన్ అన్నంత మాత్రాన నేరం అంటగట్టలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. 2022లో కేరళ హైకోర్టు కూడా అదే దారిలో తీర్పిచ్చింది. అలాగని చూసీ చూడనట్టు వదిలేయమని కాదు.

చిన్న ఊళ్లో అడ్మిన్‌కి ఉండే అసలు కష్టం వేరు. పొద్దున గ్రూపులోంచి తీసేసిన మనిషి సాయంత్రం ఆధార్ జిరాక్సుకని మన షాపుకే వస్తాడు. ఒక్కోసారి వాళ్ల మావయ్యని తీసుకొస్తాడు. కౌంటర్ దగ్గర పంచాయతీ పెట్టకండి. "ముగ్గురు అడ్మిన్లం కలిసి అనుకున్నాం బాబూ, మూడు నెలలయ్యాక అడుగు" అని చెప్పి జిరాక్సు తీసివ్వండి. అందుకే అడ్మిన్లు ముగ్గురుండాలి. వాళ్లలో ఒకరైనా ఒడియా చదవగలగాలి, ఒకరు రాత్రి పదిన్నర దాటాక కూడా మెలకువగా ఉండేవాళ్లై ఉండాలి.