పాత మిలిటరీ ఫోన్ దొరికిందా? ముందు మైకు చూడండి

ఈఈ-8 (అమెరికా సైన్యం వాడిన మోడల్) లాంటి పాత ఫీల్డ్ ఫోన్‌లో గంట మోగుతోంది, అవతలి మాట వినిపిస్తోంది, మన మాట మాత్రం వెళ్లడం లేదంటే వెంటనే వైరింగ్ పీకేయకండి. హ్యాండిల్ తిప్పితే లోపలి జనరేటరే గంట మోగిస్తుంది, దానికి సెల్స్‌తో పని లేదు. సెల్స్ కావాల్సింది మైకుకే: పెద్ద టార్చిలైట్ సెల్స్ రెండు, 3 వోల్టులు.

మైకులో ఉండేది బొగ్గు రవ్వ. మన కోనసీమ తేమకి అది ముద్దకట్టేస్తుంది. సెల్స్ తీసేసి (కరెంటు పారుతుండగా తట్టకూడదు) హ్యాండ్‌సెట్‌ని అరచేతికి మెల్లగా కొడుతూ అటూ ఇటూ తిప్పండి. చాలాసార్లు ఇంతతోనే గొంతు తిరిగొస్తుంది. రాకపోతే పాత డబ్బీలోనే చిన్న ఎలక్ట్రెట్ మైకు (టేప్ రికార్డర్లలో ఉండే బుల్లి మైకు), దాని శబ్దం పెంచే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ బిగించొచ్చు. బొగ్గు మైకుకి ప్లస్ మైనస్ పట్టింపు లేదు, ఈ కొత్తదానికి ఉంది. పాత మైకుని పారేయకండి, అసలు విలువ దానిదే.

సెల్ పట్టీలు చిలుం పట్టి తినేసి ఉంటే ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు కత్తిరించి వంచుకోండి. ఇనుప రేకు వద్దు, ఒక్క వర్షాకాలం ఆగదు. పాడైన కాయిల్‌కి ఎనామిల్ తీగ, స్లీవులు, వార్నిష్ కావాలంటే భీమవరం వైపు చెరువుల ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటార్లు చుట్టే వైండింగ్ షాపుల్లో అడగండి. తీగ మందం పాతదానితో కొలిచి తీసుకోండి.

హ్యాండిల్ తిప్పేటప్పుడు లైన్ టెర్మినళ్లు ముట్టుకోకండి, గట్టిగానే కొడుతుంది.