పెరట్లో కోయి చేపల కుంట కట్టాలంటే

కోయి అంటే రంగురంగుల అలంకార చేప. కొన్నప్పుడు వేలెడంతే ఉంటుంది గానీ చక్కగా పెరిగితే రెండడుగులు దాటుతుంది, అందుకే లోతు నాలుగడుగులకు తగ్గించొద్దు, మన ఎండలకు లోతు లేని నీళ్లు ఇట్టే వేడెక్కిపోతాయి. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉంటే సుమారు 6,800 లీటర్లు పడతాయి. అందులో ఆరు చేపలు చాలు, ముచ్చటపడి ఇరవై వేయకండి.

మధ్యాహ్నం గోడ నీడ పడే చోటు చూసుకోండి. చెట్టు కింద మాత్రం వద్దు, ఆకులు రాలి కుళ్లుతాయి. వాన నీళ్లు లోపలికి పారకుండా గట్టు కాస్త ఎత్తుగా కట్టాలి.

కుంట కొత్త సిమెంటు గోడను వేలితో రుద్దితే తెల్లగా అంటుకుంటుంది చూశారా, అది సున్నం, నీటి పీహెచ్ (క్షారగుణం) పెంచేసి చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. నీళ్లు నింపి, కొన్నాళ్లు ఉంచి, తోడేయడం మూడు నాలుగు సార్లు చేయాల్సిందే.

ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఫిల్టర్ దగ్గర వద్దు. రెండు గంటల్లో కుంటలోని నీళ్లన్నీ ఒకసారి ఫిల్టర్ గుండా తిరిగి రావాలి, పంపు ఆ లెక్కన కొనండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపూరితమైన అమ్మోనియాను అంత హాని లేని రూపంలోకి మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది, అప్పటిదాకా రెండు చేపలతోనే సరిపెట్టుకుని నీటిలో అమ్మోనియా ఎంతుందో టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి.

వేసవిలో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ చాలట్లేదని, వెంటనే ఎయిర్ పంపు వేయండి. కొంగలు చేపల్ని ఎత్తుకుపోకుండా పైన వల కట్టండి.